‘నేపథ్యం’: నాటకశాలలో అది ఏ గది?

ప్రశ్న

పత్రికల్లో ‘ఈ నేపథ్యంలో’ అన్న మాట రోజూ కనిపిస్తుంది. పాత నాటకాల అచ్చుప్రతుల్లో ‘నేపథ్యమున’ అని కుండలీకరణాల్లో వేసి, రంగం మీదికి రాని పాత్ర మాటలు ఇస్తారు. సినిమాల్లో నేపథ్యగానం ఉండనే ఉంది. ఈ మూడూ ఒకటే పదమా? అసలు అర్థం ‘వెనుక’ అనేనా? పాత నాటకశాలల కట్టడం తెలిసినవారు చెప్పగలరు.

జవాబు

పదం ఒకటేనండీ. ‘వెనుక’ అన్న అర్థం మాత్రం అందులో మొదట లేదు. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో ‘ఆకల్పవేషౌ నేపథ్యం ప్రతికర్మ ప్రసాధనమ్’ అని ఉంది. అంటే వేషం, అలంకరణ. వేషం కట్టే గది నేపథ్యగృహం. పోనుపోను ‘గృహం’ రాలిపోయి గదిని కూడా నేపథ్యమనే అన్నారు. కాళిదాసు శాకుంతల నాటకం ప్రస్తావనలో, అంటే కథకు ముందు వచ్చే సంభాషణలో, రెండర్థాలూ పక్కపక్కనే దొరుకుతాయి. సూత్రధారుడు ‘నేపథ్యాభిముఖం’గా చూస్తాడు, అక్కడ గది. చూసి, ‘నేపథ్యవిధానం’ ముగిస్తే ఇటు రమ్మని నటిని పిలుస్తాడు, అక్కడ వేషధారణ.

ఇక ఆ గది ఎక్కడుందో చూస్తే మీ ‘వెనుక’ సంగతి తేలుతుంది. భరతుడి నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో వికృష్ట మధ్యమమనే, అంటే దీర్ఘచతురస్రంగా ఉండే మధ్యరకపు, నాట్యమండపం పొడవు 64 హస్తాలు, వెడల్పు 32. హస్తానికి 24 అంగుళాలు. ఇక్కడే చాలామంది పొరబడి హస్తమంటే రెండడుగులని లెక్క కడతారు. ఆ అంగుళం వేలి వెడల్పు, ఇప్పటి అంగుళం కాదు. హస్తం సుమారు అడుగున్నర, కాబట్టి మండపం దాదాపు 96 అడుగులకు 48.

పొడవును సగానికి కొయ్యాలి. ముందు సగం, అంటే 32కు 32, ప్రేక్షకులది. వెనుక సగాన్ని మళ్ళీ రెండు చెయ్యాలి. ముందున్న 16 హస్తాలు రంగం, చివరి 16 హస్తాలు నేపథ్యగృహం. రంగంలోనూ ముందు 8 హస్తాలు రంగపీఠం, వెనుక 8 రంగశీర్షం. అంటే కట్టడంలో సరిగ్గా పావు వంతు వేషాలకే! ఈ రోజుల్లో హాలు కట్టేవాళ్ళు అంత చోటు ఇవ్వరు.

నేపథ్యగృహం నుంచి రంగం మీదికి రెండు తలుపులు. పాత్రలు వచ్చేది అక్కడి నుంచే. మండపాన్ని ఇంతకంటే పెంచొద్దని కూడా గ్రంథం చెబుతుంది. పెంచితే పలికిన మాట చెదిరి విస్వరమవుతుంది, నటుడి ముఖంలోని భావమూ అందదు. మొత్తమ్మీద ఆ గది వెనుక ఉంది కనుక ‘వెనుక’ అన్న అర్థం పుట్టింది.

మరొక జవాబు

పై వివరణ సంస్కృత నాటకానికి సరిపోతుంది. మన యక్షగానం, వీధినాటకం, కూచిపూడి భాగవతం సంగతి వేరు. వాటికి గదే లేదు. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుంటే అదే తెర. భామాకలాపంలో సత్యభామ తన జడను ఆ తెర మీదుగానే ఇవతలికి వేస్తుంది. మన నానుడి ‘తెర వెనుక’ అయిందీ అందుకే. ‘నేపథ్యం’ పండితుల పుస్తకాల్లోంచి వచ్చింది.

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వచ్చి ఆడాక ఇక్కడ సమాజాలు లేచాయి. బళ్ళారి సరసవినోదిని సభ 1886 నాటిది. రాజమండ్రిలో కందుకూరి టౌన్‌హాలు కట్టించింది 1890లో. ఆ కాలం నుంచి అలవాటైన రంగస్థలాల్లో వెనుక రంగుల తెర, పక్కల వింగులు, అంటే పక్కతెరలు. ప్రవేశం వెనుక నుంచి పక్కకు మారింది. అచ్చులో మాత్రం ‘నేపథ్యమున’ అలాగే ఉండిపోయింది.

దీన్ని అక్షరాలా పాటించి మనిషిని వెనుక తెర చాటున నిలబెడితే ఆ గుడ్డ మాటను మింగేస్తుంది, హల్లులు వినపడవు. ముందు వైపు వింగులో, సభ వైపు ఏటవాలుగా తిరిగి చెప్పించాలి. అది కూడా నేపథ్యమే.

ఇంకో మాట. విజయపురిలో, అంటే నాగార్జునకొండ తవ్వకాల్లో బయటపడి ఇప్పుడు అనుపులో ఉన్న ప్రాంగణాన్ని కొందరు భరతుడి నాట్యమండపం అనేస్తారు. సుమారు 309 అడుగులకు 259, నాలుగు దిక్కులా మెట్లు. పై కొలతలకు ఏ విధంగానూ కుదరదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. అయితే నేపథ్యగానం, నేపథ్య సంగీతం రెండూ సరైనవేనా?

జవాబు

నేపథ్యగానం చక్కగా కుదిరింది. గాయకుడు కనిపించడు, గొంతు మాత్రం వస్తుంది. హిందీవారు పార్శ్వగాయకుడు అని పక్కకు జరిపారు. కన్నడంలో హిన్నెలె, తమిళంలో పిన్నణి, రెండూ ‘వెనుక’ అనే మాటలే. మనం గది పేరుతో పిలిచాం. నేపథ్య సంగీతం అంత అతకదు. భరతుడి వాద్యబృందం, అంటే కుతపం, ఆ రెండు తలుపుల మధ్య, రంగం మీదే కూర్చుంటుంది. సభకు కనిపిస్తుంది. మాట స్థిరపడింది కనుక ఇప్పుడు మార్చే పని లేదు.

మరొకరు

వ్రాతలో జాగ్రత్త: నేపథ్యం, ‘థ’ ఒత్తు. ‘నేపధ్యం’ తప్పు. రంగస్థలంలోనూ అంతే, ‘స్ధ’ కాదు.

జవాబు

‘ఈ నేపథ్యంలో’ గురించి కూడా చెప్పాలి. ‘గ్రామీణ నేపథ్యం ఉన్న కథ’ బాగానే ఉంది, కథకు వెనుక ఒక చోటు ఉంది కదా. ‘వర్షాల నేపథ్యంలో సెలవు’ అంటే మాత్రం కారణాన్ని దాచినట్టే, ‘వర్షాల వల్ల’ అంటే సరిపోతుంది. ‘ఎన్నికల నేపథ్యంలో తనిఖీలు’ అనేచోట ‘సందర్భంగా’ చాలు. ‘పూర్వరంగం’ వాడమని కొందరు సలహా ఇస్తారు గానీ అదీ నాటకశాల మాటే. నాటకానికి ముందు జరిపే 19 అంగాల తంతు అది. తొమ్మిది తెర లోపల, పది తెర తీశాక. మొదటిదైన ప్రత్యాహారం వాద్యాలను చోట్లలో సర్దడం, రెండోదైన అవతరణం గాయకులను కూర్చోబెట్టడం. గడిచిన చరిత్ర అన్న అర్థం దానికీ తర్వాత వచ్చిందే. ఒక ఘటనకు దారితీసిన పరిణామాలు వరుసగా చెప్పేటప్పుడు అది నప్పుతుంది, ఊరికే పరిస్థితి అనడానికి నప్పదు.