అమెరికాలో కళల చదువు: చిన్న కాలేజీ బీఏనా, ఆర్ట్ స్కూల్ బీఎఫ్ఏనా?

కుంచెపోటు: ఇంటర్ అయ్యాక చిత్రకళకు అమెరికా వెళ్లేవాళ్లు ఓబర్లిన్, కెన్యన్ లాంటి చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో (అన్ని రకాల సబ్జెక్టులూ కలిపి చదివించే చోట్ల) బీఏలో చేరడం దండగని నా వాదన. ఆర్ట్ స్కూళ్లిచ్చే బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్)లో 120 క్రెడిట్లుంటే మూడింట రెండు వంతులు స్టూడియో, కళాచరిత్రలకే పోతాయి. బీఏలో మూడో వంతు, మహా అయితే సగానికి కాస్త తక్కువ. చెయ్యి తిరగాలంటే గంటలు పడాలి కదా?

తెరచాటు: గంటలు సరే, స్టూడియో ఎవరి చేతిలో ఉంటుందో కూడా చూడండి. ఇలాంటి చోట్ల ఎంఎఫ్ఏ (కళల్లో పీజీ) వాళ్లు దాదాపు ఉండరు కాబట్టి ప్రింట్లు తీసే ప్రెస్సు, మట్టిపాత్రలు కాల్చే బట్టీ, స్టేజీ లైట్లు నడిపే బోర్డు అన్నీ డిగ్రీ పిల్లలవే. ఓబర్లిన్ మ్యూజియమైతే 1940 నుంచి అసలు చిత్రాలనే నామమాత్రపు అద్దెకు హాస్టల్ గదులకు ఇస్తోంది. పికాసో ప్రింటు మంచం పక్కన పెట్టుకుని సెమిస్టరంతా చూడటం ఏ సిలబస్‌లో దొరుకుతుంది?

జతిస్వరం: సంగీతం, నాట్యం లెక్క వేరు. ఓబర్లిన్‌లో బీఏ, బీమ్యూజ్ (సంగీతంలో డిగ్రీ) రెండూ కలిపి ఐదేళ్లు. కాలేజీకీ కన్సర్వేటరీ అనే సంగీత విభాగానికీ విడివిడిగా సీటు రావాలి. నాట్యశాఖలు ఎక్కువగా మోడరన్, బ్యాలేల మీదే నడుస్తాయి. వెస్లియన్ యూనివర్సిటీది ప్రత్యేకం: 1960ల నుంచి కర్ణాటక సంగీతం నేర్పుతున్నారు, భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి కూడా అక్కడ పాఠం చెప్పారు. మిగతా చోట్ల కేటలాగ్‌లో ‘ప్రపంచ నృత్యాలు’ అని చూసి మురిసిపోకండి. నేర్పేది విజిటింగ్ టీచరైతే మరుసటేడు ఆ కోర్సే ఉండకపోవచ్చు. గత నాలుగు సెమిస్టర్ల టైమ్‌టేబుల్ అడిగి తెప్పించుకోండి.

ఇక దరఖాస్తుతో పంపే నాట్యం వీడియో. అరంగేట్రం క్లిప్ పంపితే పని చెడుతుంది: మూడు కెమెరాల కట్‌లు, ముఖం మీదికి జూమ్‌లు, పాదాలు మాయం. తరంగం పంపుతూ పళ్లెం అంచు ఫ్రేములో లేకపోతే ఏం లాభం? ఒకే కెమెరా కదలకుండా, తల నుంచి పాదం దాకా, ఎడిటింగ్ లేకుండా తీయండి. నిడివి ఆ కాలేజీ చెప్పినంతే.

కుంచెపోటు: చిత్రాలకూ అదే తిప్పలు. ఫ్లాష్ కొడితే ఆయిల్ పెయింట్ మీద తెల్లమచ్చ పడుతుంది. ఒకే రకం బల్బులు రెండు, చెరో పక్క 45 డిగ్రీల్లో పెట్టాలి. ఫోన్ వైడ్ లెన్సు వాడితే అంచులు వంకర పోతాయి. కాస్త వెనక్కి జరిగి మామూలు లెన్సుతో తీయాలి. ఫొటో చూసి గీసిన హీరోల బొమ్మలు తీసేయండి, ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీసినవి పెట్టండి. బీఏకి పోర్ట్‌ఫోలియో (దరఖాస్తుతో పంపే మన బొమ్మల ఫొటోలు) చాలాచోట్ల ఐచ్ఛికమే. బీఎఫ్ఏకి తప్పదు, రిస్డీ (రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్) అడిగేది 12 నుంచి 20 బొమ్మలు.

తెరచాటు: వీసా మాట ఎవరూ ఎత్తలేదే! పెయింటింగ్ ఒక్కటే అయితే డిగ్రీ తర్వాత ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే అక్కడ పనిచేసే అనుమతి) 12 నెలలే. రెండో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కంప్యూటర్ సైన్స్ అయి, ఉద్యోగం కూడా దానికి సంబంధించిందే అయితే ఇంకో 24 నెలలు అడగొచ్చు. ఆ జోడీ బీఏలో కుదిరినంత తేలిగ్గా బీఎఫ్ఏలో కుదరదు.

కుంచెపోటు: కాగితం మీద కుదురుతుంది. స్టూడియో క్లాసు మూడు గంటలు, సైన్స్ ల్యాబ్ మూడు గంటలు. చాలాసార్లు రెండూ మధ్యాహ్నాలే. చిన్న కాలేజీలో ఒక్కో కోర్సుకు ఒక్కటే సెక్షన్, ఢీకొంటే మార్చుకునే వీలు లేదు. ఆఖరి ఏడాది సీనియర్ ఎగ్జిబిషన్, రెండో మేజర్ ప్రాజెక్టు ఒకే ఏప్రిల్‌లో మీద పడితే నలిగేది కాన్వాసే.

జతిస్వరం: అందుకే ల్యాబ్ కోర్సులు మొదటి రెండేళ్లలోనే కానిచ్చేయాలి. అలా కుదరని కాలేజీ అయితే కుంచెపోటు గారి పక్షమే నాది.