కానుకలిచ్చినవారి పేర్లు ఆరాధనలో చదవాలా, వద్దా?

మర్రిపాలెం_మార్త
అందరికీ వందనాలు. కోతపండుగ దగ్గర పడింది. గాజువాక నుంచి మధురవాడ దాకా చాలా సంఘాల్లో అదే పద్ధతి. కానుకలు పట్టాక కార్యదర్శి మైకు తీసుకుని ఎవరెంత ఇచ్చారో చదువుతారు. పెద్ద మొత్తాలు ముందు, చిన్నవి చివర, మరీ చిన్నవైతే "ఇతరులు". దీన్ని ఆపాలంటాను. మత్తయి 6:1-4లో ప్రభువు మాట సూటిగా ఉంది. మనుషులకు కనబడాలని ధర్మం చేస్తే తండ్రి దగ్గర ఫలం లేదు. దీనమనస్సు గురించి ప్రసంగం విని, ఆ వెంటనే ఈ చదువు వినడం ఎలా కుదురుతుంది? లేఖనంతో మాట్లాడండి.

సాగర్‌నగర్_పెద్ద
లేఖనంతోనే చెబుతాను సిస్టర్. అపొ. కార్యములు 4:36-37. పొలం అమ్మి డబ్బు సంఘానికిచ్చిన బర్నబా పేరు, ఊరు, గోత్రం అన్నీ ఆ పుస్తకంలో లూకా రాశాడు. సంఖ్యాకాండము 7వ అధ్యాయం చూడండి. ఇశ్రాయేలు గోత్రాల 12 మంది ప్రధానులు 12 రోజులు కానుకలు తెచ్చారు. 130 షెకెళ్ళ (అప్పటి తూకం) వెండి పళ్ళెం, 70 షెకెళ్ళ వెండి పాత్ర, 10 షెకెళ్ళ బంగారు ధూపపాత్ర. ఒక్కొక్కరి పేరు పెట్టి మళ్ళీ మళ్ళీ రాయించింది దేవుడే. పేరు చదవడం గర్వమైతే ఈ అధ్యాయం బైబిల్లో ఎందుకుంది?

అల్లిపురం_యూత్
పేర్లకే 15 నిమిషాలు పోతున్నాయి. ప్రసంగం తగ్గదు, ప్రార్థన తగ్గుతుంది.

మర్రిపాలెం_మార్త
పెద్దగారూ, సంఖ్యాకాండము 7 నా పక్షానే ఉంది. ఆ 12 మందీ తెచ్చింది ఒకే రకం, ఒకే తూకం. మొదటిరోజు తెచ్చిన నయస్సోనుదీ ఆఖరిరోజు తెచ్చినవాడిదీ సమానం. అందులో పెద్ద దాత లేడు, "ఇతరులు" లేరు. మైకులో చదివే మన పేర్ల పట్టీ ఇచ్చిన మొత్తాన్ని బట్టి వరస కడుతుంది. యాకోబు 2:2-4లో బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టడాన్ని తప్పుపట్టారు కదా, వరస కట్టడమూ అదే పని.

సాగర్‌నగర్_పెద్ద
బర్నబా సంగతికి జవాబు రాలేదు.

మర్రిపాలెం_మార్త
బర్నబా డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. ఆ రోజు ఎవరో లేచి మొత్తం చదివారని అక్కడ లేదు. లూకా రాసింది తర్వాత.

సాగర్‌నగర్_పెద్ద
తర్వాతైతే మాత్రం పేరు పేరే కదా? 5వ అధ్యాయంలో పొలం అమ్మిన అననీయ, సప్పీరా దంపతుల పాపం ధర విషయంలో అబద్ధమాడటం. పొలం అమ్మాక కూడా డబ్బు నీ వశంలోనే ఉంది కదా అని పేతురు స్పష్టంగా అడిగాడు. పేరు బయటికి రావడం నేరమని అనలేదు.

ఓల్డ్‌టౌన్_పాఠకుడు
ఇద్దరూ ఒక తేడా వదిలేస్తున్నారు. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారి సన్యాసి ఎవాగ్రియస్ మనిషిని పడగొట్టే ఎనిమిది తలంపులు చెప్పాడు. అందులో మెప్పుకోసం ఆరాటం వేరు, గర్వం వేరు. మొదటిదానికి చూసేవాళ్ళు కావాలి. రెండోదానికి ఎవరూ అక్కర్లేదు, మంచి అంతా నా బలంతోనే చేశానన్న నమ్మకం చాలు. దాచిపెట్టినంత మాత్రాన మొదటిది చావదు. "నేను దాచి ఇచ్చేవాణ్ణి" అన్న పేరు కోసం బతుకుతుంది. పట్టీ ఆపితే మనసు బాగుపడుతుందని అనుకోకండి. పరీక్ష ఇంకోచోట ఉంది. మీ పని ఇంకొకరి పేరు మీద చదివినప్పుడు మీలో ఏం లేస్తుంది? మీకంటే చిన్నవాడు దిద్దితే ఆ రాత్రి ఎన్ని జవాబులు తయారుచేసుకుంటారు?

ఇక పేర్ల సంగతి. క్రాన్, డెగ్రాంజెస్ అనే మిషనరీలు 1805లో మన విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ సాయంతో సువార్తలు తెలుగులోకి తెచ్చే పని మొదలైంది. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు పోయారు. డెగ్రాంజెస్ తర్జుమా చేసిన సువార్తలు అచ్చయింది 1812లో. వాళ్ళ పేర్లు మనకు తెలుసు, తెలియాలి కూడా. చేసినవాడు లేనప్పుడు సంఘం కృతజ్ఞతతో చెప్పుకోవడం వేరు, చేసినవాడు ముందు వరసలో కూర్చుని వినడం వేరు.

సాగర్‌నగర్_పెద్ద
చూశారా సిస్టర్, దాచడంలోనూ గర్వముందని పాఠకుడుగారే అన్నారు.

మర్రిపాలెం_మార్త
ఆయన అన్నది అది కాదు. సగం పట్టుకోకండి.

సాగర్‌నగర్_పెద్ద
సగం పట్టుకునేది ఎవరో అందరికీ తెలుసు. ఈ రోజుల్లో ప్రతివాళ్ళకీ పెద్దల్ని నిలదీయడమే భక్తి. 1 పేతురు 5:5, చిన్నవాళ్ళు పెద్దలకు లోబడాలి. ఆ తగ్గింపు ముందు నేర్చుకోండి.

అల్లిపురం_యూత్
అదుగో, వచ్చేసింది ఆ వచనం. అన్నా, మిగతాది కూడా చదవండి. అదే వచనంలో "మీరందరు" దీనమనస్సు అనే వస్త్రం వేసుకోండి అని ఉంది. దానికి రెండు వచనాల ముందు, 5:3లో, పెద్దలు మంద మీద ప్రభువుల్లా ఉండకూడదని ఉంది. తగ్గించుకోమని ఎప్పుడూ కిందివాళ్ళకే చెబుతారేటి? మందిరం స్లాబ్‌కి ఎంతయిందని ఒక సంఘంలో అడిగితే వచ్చిన జవాబు "నీలో గర్వముంది, ప్రార్థన చేసుకో". వచ్చినదాన్ని పైసాతో సహా మైకులో చదువుతారు, ఖర్చు మాత్రం చదవరు. నా గొడవ పేర్లు కాదు, ఇది.

సాగర్‌నగర్_పెద్ద
అయితే నేనూ చెబుతాను. పేర్లు చదవని కాలంలో ఏమన్నారో తెలుసా? "మేం ఇచ్చింది పుస్తకంలో ఎక్కలేదు, కోశాధికారి తినేశాడు" అన్నారు. అప్పుడే మైకులో చదవడం మొదలైంది. ఇచ్చినవాడు తన పేరు, మొత్తం చెవులారా వింటే నింద ఉండదు. మీరు గర్వం అంటున్నది మాకు కాపలా. దాన్ని తీసేయమంటే రేపు నింద ఎవరు మోస్తారు?

ఎంవీపీ_సిస్టర్
ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

మర్రిపాలెం_మార్త
పెద్దగారూ, ఈ భయం న్యాయమైనదే. పౌలుకీ ఉంది. 2 కొరింథీ 8:18-21 చూడండి. చందా మోయడానికి తన తోటిపనివాడు తీతు ఒక్కణ్ణే పంపలేదు, సంఘాలు ఎన్నుకున్న ఇంకో సహోదరుణ్ణి జతచేశాడు. ఎవరూ తప్పు మోపకుండా ప్రభువు ఎదుటా మనుషుల ఎదుటా సరిగ్గా చేయాలనే. ఇందులో మైకు అవసరం రాలేదు.

చేయాల్సింది ఇది. ఒక్కో కుటుంబానికి ఒక నెంబరు, ఆ నెంబరుతో కవర్లు. ఎవరిది ఏ నెంబరో కోశాధికారికి, ఆడిటర్‌కి మాత్రమే తెలియాలి. కానుకల సంచి లెక్క ఆరాధన అయిన వెంటనే, మందిరంలోనే. ముగ్గురు లెక్కపెట్టాలి. వాళ్ళు ఒకే ఇంటివాళ్ళు కాకూడదు, నెలనెలా మారాలి. ముగ్గురి సంతకాలూ పడ్డాకే డబ్బు అక్కణ్ణుంచి కదలాలి. సోమవారం బ్యాంకులో వేసి, చలానా ఆ కాగితానికి అంటించాలి. మధ్యలో ఆ డబ్బుతో కరెంటు బిల్లు కట్టేస్తే లెక్క అక్కడే తప్పుతుంది, ఎక్కువ గొడవలకు మూలం అదే. నెలాఖరున నోటీసు బోర్డు మీద రెండు కాగితాలు. ఒకదానిలో కవరు నెంబరు, ఎదురుగా మొత్తం. రెండోదానిలో ఖర్చు, బిల్లు నెంబర్లతో. తన నెంబరు ఎదుట మొత్తం తప్పుంటే ఎవరైనా రసీదు తెచ్చి చూపించొచ్చు. మైకులో విన్నదానికి సాక్ష్యం గాలిలో పోతుంది, ఇక్కడ కాగితం ఉంటుంది.

ఓల్డ్‌టౌన్_పాఠకుడు
ఒక్కటి కలపండి. నెంబర్లు మొత్తాన్ని బట్టి ఇవ్వకూడదు, ఒకటో నెంబరు కోసం పోటీ మొదలవుతుంది. చీటీలు తీయండి.

సాగర్‌నగర్_పెద్ద
కవర్ల పద్ధతి కమిటీలో పెట్టి చూస్తాను. ఖర్చు కాగితం కూడా. మందిరం ద్వారం దగ్గర పెట్టే శిలాఫలకం మీద మాత్రం దాతల పేర్లుంటాయి. ఆ మాట ఇచ్చే చందాలు తీసుకున్నాం, వెనక్కి తీసుకోలేం.

అల్లిపురం_యూత్
ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. మరి స్లాబ్ రోజు కాంక్రీటు మోసినవాళ్ళ పేర్లు?

సాగర్‌నగర్_పెద్ద
కూలి తీసుకున్నవాళ్ళ పేర్లు ఎందుకు?

అల్లిపురం_యూత్
కొందరు కూలి తీసుకోలేదు, అది మీకూ తెలుసు.

మర్రిపాలెం_మార్త
నెహెమ్యా 3వ అధ్యాయం పెద్దగారూ. యెరూషలేము గోడ కట్టినవాళ్ళ పేర్లు ఏ భాగం ఎవరు కట్టారో దాన్నిబట్టి ఉన్నాయి, ఇచ్చిన మొత్తాన్ని బట్టి కాదు. 8వ వచనంలో కంసాలి ఉన్నాడు, 12లో షల్లూముతో పాటు పనిచేసిన అతని కుమార్తెలు ఉన్నారు. 5వ వచనంలో పనికి మెడ వంచని తెకోవ పెద్దల సంగతి కూడా ఉంది. ఫలకం చెక్కడానికి ఇచ్చే ముందు కమిటీ ఈ అధ్యాయం కలిసి చదవాలని అడుగుతున్నాను. కవర్ల పట్టిక నమూనా రేపు ఇక్కడే పెడతాను.

సాగర్‌నగర్_పెద్ద
నమూనా పెట్టండి. ఫలకం మీద నా మాట మారలేదు.