ఈఆర్‌పీ ఇప్పుడే పెట్టాలా, ఇంకో ఏడాది ఎక్సెల్‌తో లాగాలా?

ప్లానింగ్‌బల్ల:
అందరికీ నమస్కారం. మాది ఇండస్ట్రియల్ పంపులు తయారుచేసే కంపెనీ. 140 మంది మనుషులు, మూడు వేల పైచిలుకు ఐటమ్ కోడ్‌లు. త్వరలో రెండో యూనిట్ మొదలవుతోంది. ఇన్నాళ్లూ లెక్కలకి ఒక అకౌంటింగ్ ప్యాకేజీ, స్టాక్‌కి ఎక్సెల్, ప్లానింగ్‌కి నా బుర్ర, మిగతాదంతా వాట్సాప్. ఇప్పుడు ఎండీ గారు ఈఆర్‌పీ (లెక్కలు, స్టోర్స్, పర్చేజ్, ప్రొడక్షన్ అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టాల్సిందే అంటున్నారు. ఇద్దరు వెండర్లు డెమో కూడా ఇచ్చి వెళ్లారు. అన్ని మాడ్యూళ్లూ ఒకేసారి దింపాలా, లేక ముందు స్టోర్స్, పర్చేజ్ పెట్టి ప్రొడక్షన్ తర్వాత చూసుకోవాలా? అసలు ఇది సరైన సమయమేనా? చేసినవాళ్లు చెప్పండి.

పాతలేత్:
ఎక్సెల్‌కి జై.

స్టోర్స్‌గేటు:
వెండర్లని ఒక్క ప్రశ్న అడగండి చాలు. మీ సిస్టమ్ నెగెటివ్ స్టాక్, అంటే పుస్తకంలో సున్నా ఉన్నా సరుకు ఇష్యూ చెయ్యడం, ఒప్పుకుంటుందా లేదా? ఒప్పుకోకపోతే గుమ్మంలోంచే పంపించెయ్యండి.

ఎందుకో చెబుతాను. బేరింగులు సాయంత్రం లారీలో దిగుతాయి. ఇన్‌స్పెక్షన్ వాడు పగలు షిఫ్టే. వాడు చూసి సంతకం పెడితేగానీ జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు ఎంట్రీ) అవ్వదు. రాత్రి షిఫ్టులో అసెంబ్లీ లైను ఖాళీగా నిలబడుతుంది. సరుకు కళ్లెదుట ఉంటుంది, స్క్రీన్ మీద మాత్రం సున్నా. మా పాత కంపెనీలో ఇదే జరిగింది. సిస్టమ్ ఇష్యూ చెయ్యనివ్వలేదు, లైను ఆగింది, పొద్దున్నే మీటింగ్‌లో నిలబెట్టి కడిగింది నన్ను. సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ కడగలేదు.

లెడ్జర్‌రాణి:
ప్లానింగ్‌బల్ల గారూ, పై సలహా పొరపాటున కూడా వినకండి. నెగెటివ్ స్టాక్ వదిలారంటే మీ కాస్టింగ్ గోవిందా.

చిన్న లెక్క. స్టాక్ సున్నా, చివరి సగటు రేటు 100. స్టోర్స్ వాళ్లు 40 బేరింగులు ఇష్యూ చేశారు. పుస్తకంలో మైనస్ 40, విలువ మైనస్ 4000. మర్నాడు 44 వచ్చాయి, కొత్త రేటు 130. అంటే 5720. ఇప్పుడు చేతిలో మిగిలింది 4 బేరింగులు, పుస్తకంలో విలువ 1720. ఒక్కోటి 430! కొన్నది 130కి. ఆ నాలుగూ ఏ పంపులోకి వెళితే ఆ పంపు నష్టంలో ఉన్నట్టు కనిపిస్తుంది. సేల్స్ వాళ్లొచ్చి ఈ మోడల్ గిట్టుబాటు కావట్లేదు, రేటు పెంచుదాం అంటారు. నెలాఖర్లో ఈ చిక్కుముళ్లు విప్పేది మేము.

అమలు_అన్న:
మేడమ్ లెక్క సాదా మూవింగ్ యావరేజ్‌కి (కొన్నప్పుడల్లా మారే సగటు రేటుకి) కరెక్టే. కానీ అన్ని ప్యాకేజీలూ అలా చెయ్యవు. కొన్ని ఆ తేడాని ధర వ్యత్యాసాల ఖాతాలోకి నెట్టేస్తాయి. స్టాండర్డ్ కాస్ట్ (ముందే ఖాయం చేసిన రేటు) పెట్టుకుంటే ఈ గొడవే రాదు. నేను ఇంప్లిమెంటేషన్ పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా.

స్టోర్స్‌గేటు గారి సమస్యకి నెగెటివ్ స్టాక్ మందు కాదు. లారీ దిగగానే గేటు దగ్గరే ఎంట్రీ కొట్టి సరుకుని ఇన్‌స్పెక్షన్ హోల్డ్‌లో పెట్టాలి. స్టాక్ కనిపిస్తుంది, ఇష్యూ మాత్రం కాదు. అర్జెంటైతే షరతు మీద విడుదల చేసే అధికారం రాత్రి షిఫ్టు ఇన్‌చార్జికి ఇవ్వాలి.

ఇక అసలు ప్రశ్న. ఈ రంగంలో పాత కొలతలు ఉన్నాయి. ఎమ్మార్పీ (ఏ భాగం ఎప్పుడు ఎంత కావాలో సిస్టమ్ కట్టే లెక్క) సరిగ్గా నడవాలంటే స్టాక్ రికార్డు 95 శాతం, బీఓఎమ్ (ఒక పంపుకి ఏ భాగం ఎంత పడుతుందో రాసిన జాబితా) 98 శాతం కరెక్టుగా ఉండాలంటారు. 95 అంటే గొప్పే అనిపిస్తుంది. కానీ ఒక పంపులో 20 భాగాలుంటే, అన్నిటి స్టాకూ ఏకకాలంలో కరెక్టుగా ఉండే అవకాశం 36 శాతమే. మీ ఎక్సెల్ స్టాకు ర్యాకుల్లో ఉన్న సరుకుతో ఎంత కలుస్తుందో ముందు చూడండి. ఓ యాభై ఐటమ్‌లు రాండమ్‌గా లెక్కపెట్టించండి. సగం కలవకపోతే ప్రొడక్షన్ మాడ్యూల్ మాట ఎత్తకండి.

స్టోర్స్‌గేటు:
షరతు మీద విడుదలట. ఆ బటన్ నొక్కే ఇన్‌చార్జిని నేనెప్పుడూ చూడలేదు. చీటీ మీద సంతకమే పెట్టడు.

తుప్పుపట్టిన_బోల్ట్:
డెమోలో అన్నీ పరిగెడతాయి. డెమో డేటాలో ఐటమ్‌లు పదే ఉంటాయి మరి.

క్లౌడ్‌కుర్రాడు:
ఇంకా ఎక్సెల్ ఏంటండీ? ఓడూ, ఈఆర్‌పీనెక్స్ట్ లాంటి ఈఆర్‌పీలు ఓపెన్ సోర్స్‌లో (కోడ్ అందరికీ తెరిచిపెట్టి) ఉన్నాయి. పెట్టేసి నడుపుకోవడమే.

లెడ్జర్‌రాణి:
పెట్టేసి నడుపుకోవడమేనట. 1999లో అమెరికాలోని హర్షీ చాక్లెట్ల కంపెనీ అలాగే తొందరపడింది. నాలుగేళ్ల పనిని రెండున్నరేళ్లకి కుదించి, హాలోవీన్ పండగ అమ్మకాల ముందు సిస్టమ్ మార్చారు. గిడ్డంగుల్లో చాక్లెట్లున్నా ఆర్డర్లు కదల్లేదు. దాదాపు 10 కోట్ల డాలర్ల సరుకు సమయానికి పంపలేకపోయారు. అంత డబ్బున్నవాళ్లకే ఆ గతి.

క్లౌడ్‌కుర్రాడు:
140 మంది కంపెనీకి హర్షీ కథ ఎందుకు మేడమ్?

లెడ్జర్‌రాణి:
సీజన్ ముందు గో-లైవ్ (కొత్త సిస్టమ్ మొదలు) పెట్టకూడదనే నీతి 14 మంది కంపెనీకీ వర్తిస్తుంది బాబూ.

అమలు_అన్న:
లిడ్ల్ కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. జర్మనీ రిటైల్ కంపెనీ. 2011 నుంచి శాప్ అనే ఈఆర్‌పీ మీద పనిచేసి, 2018లో వదిలేశారు. ఖర్చు 50 కోట్ల యూరోల దాకా అయిందని వార్తలు. ఎక్కడ తేడా కొట్టిందంటే, వాళ్లకి సరుకుని కొన్న ధర మీద లెక్కించే అలవాటు, సాఫ్ట్‌వేర్ పద్ధతి అమ్మే ధర మీద. మా అలవాటు మార్చుకోం, సాఫ్ట్‌వేర్‌నే మార్చండన్నారు. మార్చుకుంటూ పోయారు.

ప్లానింగ్‌బల్ల గారూ, మీవాళ్లు కస్టమైజేషన్ లిస్టు (సాఫ్ట్‌వేర్‌లో మీకోసం మార్చమనే వాటి జాబితా) ఇచ్చారా? అందులో ఏమున్నాయి?

స్టోర్స్‌గేటు:
నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. నెగెటివ్ స్టాక్ సంగతేంటి?

లెడ్జర్‌రాణి:
జవాబు వచ్చింది. మీకు నచ్చలేదు. హోల్డ్‌లో పెట్టి విడుదల చేయించుకోమన్నారు కదా. ఎంట్రీ కొట్టడం బద్ధకమైతే బద్ధకమని చెప్పండి.

స్టోర్స్‌గేటు:
బద్ధకమా? ఏసీ గదిలో కూర్చుని 430 లెక్కలు కట్టడం తేలికే మేడమ్. ఒక పంపుకి ఒకటిన్నర కిలో షీటు అని మీ బీఓఎమ్‌లో రాసుంటుంది. కటింగ్‌లో పోయే ముక్కలతో కలిపి వాడేది అంతకంటే ఎక్కువ. పంపు పూర్తయిందని ఎంట్రీ కొట్టగానే బ్యాక్‌ఫ్లష్‌లో (బీఓఎమ్ ప్రకారం సిస్టమే స్టాక్ తగ్గించడంలో) ఒకటిన్నరే కోస్తుంది. తేడా నా స్టాక్‌లో మిగిలిపోయినట్టు కనిపిస్తుంది. ఆడిట్‌లో షీటేదని నన్నడుగుతారు. బీఓఎమ్ రాసిన డిజైన్ వాణ్ని అడగరు.

ఇంకోటి కూడా వినండి. నేను సరుకు ఇచ్చేది నా ఇష్టానికి కాదు. రాత్రి పదింటికి ఓనర్ ఫోన్ చేస్తాడు. ఫలానా కస్టమర్ పంపు రేపు వెళ్లాలి, పక్క ఆర్డర్‌కి తీసిపెట్టిన మోటార్ దీనికి ఇచ్చెయ్ అంటాడు. ఇస్తాను. వారం తర్వాత ఆ పక్క ఆర్డర్ ఆగుతుంది. మోటార్ ఎవరిచ్చారు? నేను. సంతకం ఎవరిది? నాది. ఫోన్ చేసినవాడి సంతకం ఎక్కడా ఉండదు. మీరు సిస్టమ్‌ని ఎంత బిగించినా ఆ ఫోన్ ఆగదు. ఇష్యూ చెయ్యనివ్వకపోతే బయట కాగితం మీద ఇస్తాను, అంతే. అందుకే మైనస్ వదలమంటున్నా. కనీసం ఏం వెళ్లిందో కనిపిస్తుంది.

తుప్పుపట్టిన_బోల్ట్:
ఇప్పుడు మాట్లాడావన్నా.

లెడ్జర్‌రాణి:
ఓనర్ తప్పుని నా పుస్తకంలో మైనస్‌గా ఎందుకు మొయ్యాలి? అదే ఫోన్ సిస్టమ్‌లో ఓవర్‌రైడ్‌గా (రూలు దాటి ఇచ్చిన అనుమతిగా) పడాలి. మోటార్ ఏ ఆర్డర్‌ది, ఏ ఆర్డర్‌కి మళ్లింది, ఎవరు మళ్లించారు, ఎన్నింటికి. నేను బిగించమంటున్నది దానికోసమే.

స్టోర్స్‌గేటు:
ఎవరి లాగిన్‌తో పడుతుంది మేడమ్? అర్ధరాత్రి ఆయన ల్యాప్‌టాప్ తెరుస్తాడా? నా లాగిన్‌తోనే పడుతుంది. మళ్లీ నేనే.

ప్లానింగ్‌బల్ల:
ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించాను. అమలు_అన్న గారు లిస్టు అడిగారు కదా. అందులో మొదటి ఐటమ్ మా ఎండీ గారిది. ప్రొడక్షన్ ప్రయారిటీ తను మార్చినప్పుడు లాగ్‌లో (ఎవరేం చేశారో సిస్టమ్ రాసుకునే చిట్టాలో) పేరు పడకుండా చెయ్యాలి. డెమోలోనే అడిగారు. ఒక వెండర్ అది కుదరదన్నాడు, రెండోవాడు కస్టమైజ్ చేస్తామన్నాడు. మావాళ్లు రెండోవాడి వైపే మొగ్గుతున్నారు.

సోమవారం నేను వేసిన ప్లాన్ బుధవారానికి ఉండదు. డెలివరీ లేటైన ప్రతి ఆర్డర్‌కీ ప్లానింగ్ ఫెయిల్యూర్ అని రాస్తారు. ఈఆర్‌పీ వస్తే ఆ మాట పోతుందనే ఆశతోనే దీన్ని సపోర్ట్ చేస్తున్నా.

అమలు_అన్న:
ఈ కోరిక అరుదేం కాదు. నేరుగా అలా అడగరు. షిఫ్టుకి ఒక కామన్ లాగిన్ పెట్టండి, లైసెన్సులు మిగులుతాయి అంటారు. మేమూ పెట్టిస్తాం, కస్టమర్ అడిగింది కాబట్టి.

లెడ్జర్‌రాణి:
కామన్ లాగిన్! పెట్టిస్తాం అని ఎంత తేలిగ్గా అన్నారండీ. 95 శాతం, 98 శాతం అని మాకు పాఠాలు చెప్పి, అక్కడికెళ్లి ఎవరు చేశారో తెలియకుండా తలుపు తీసిపెడతారా?

అమలు_అన్న:
నేను వద్దంటే ఇంకొకడు పెడతాడు మేడమ్. రెండో వెండర్ సంగతి ఇప్పుడే విన్నారుగా.

క్లౌడ్‌కుర్రాడు:
అయితే ఈ కంపెనీకి ఈఆర్‌పీ వద్దా ఇంతకీ?

స్టోర్స్‌గేటు:
రమ్మనండి. కానీ ఓవర్‌రైడ్ హక్కు ఒక్క ఎండీ లాగిన్‌కే ఉండాలి, ఫోన్‌లోనే అప్రూవ్ కొట్టాలి. ఆయన నొక్కితే నేనిస్తా, నొక్కకపోతే లైను ఆగనీ. అది రాతలో పెడితే మైనస్ స్టాక్ నాకూ అక్కర్లేదు.

లెడ్జర్‌రాణి:
మొదటి పోస్టులోనే ఈ మాట అని ఉంటే నేనేమీ అనేదాన్ని కాదు. అయినా ఇన్‌స్పెక్షన్ కాని సరుకు ఇష్యూ చెయ్యడం తప్పే.

స్టోర్స్‌గేటు:
రాత్రి షిఫ్టుకి ఇన్‌స్పెక్టర్‌ని ఇమ్మనండి, చెయ్యను.

ప్లానింగ్‌బల్ల:
శుక్రవారం వెండర్ ఎంపిక మీటింగ్ ఉంది. స్టోర్స్, పర్చేజ్ ముందు, ప్రొడక్షన్ తర్వాత అని చెబుతాను. స్టాక్ లెక్కపెట్టడం రేపే మొదలుపెడతాం. ఓవర్‌రైడ్ అప్రూవల్ సంగతి ఎజెండాలో పెట్టమని మా ఫైనాన్స్ హెడ్‌ని అడిగాను. మీరే పెట్టండి అన్నారు.

పాతలేత్:
ఎక్సెల్‌కి జై అని ఊరికే అనలేదు.