వాల్వు ఆంప్లిఫయర్‌కు పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను అవుట్‌పుట్‌గా వాడితే బేస్ ఎందుకు పోతోంది?

ప్రశ్న:
బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ముద్ర ఉన్న పాత ఈఎల్84 వాల్వు (గాజు గొట్టం) ఒక్కటే పెట్టి ఇంట్లో చిన్న ఆంప్లిఫయర్ తయారు చేసుకున్నాను. ప్లేటు దగ్గర 250 వోల్టులు, 48 మిల్లీయాంపియర్లు ఉన్నాయి. వాల్వును స్పీకరుకు జతచేసే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దొరకక, హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో 230కి 9 వోల్టులు, 1 యాంపియర్ అని రాసి ఉన్న మామూలు పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. 230ని 9తో భాగించి, వచ్చిన దాని వర్గాన్ని 8 ఓముల స్పీకరుతో గుణిస్తే వాల్వుకు కనిపించే లోడు 5.2 కిలో ఓములు వస్తుంది. డేటా షీటు అడిగేదీ అంతే. అయినా పాట పలచగా వినిపిస్తోంది, మృదంగంలో ఎడమ చేతి దెబ్బ తేలిపోతోంది. లెక్కలో తప్పెక్కడ?

మొదటి జవాబు:
లెక్క సరైనదే గానీ, అందులో వేసిన 9 సరైనది కాదు. ఆ 9 వోల్టులు ఒక యాంపియర్ లాగుతున్నప్పటివి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో తీగ నిరోధానికి పోయేదాన్ని పూడ్చడానికి సెకండరీకి (9 వోల్టుల వైపు తీగచుట్టకు) చుట్లు ఎక్కువ వేస్తారు. లోడు లేకుండా మీటరు పెట్టి చూడండి. 10.5 వచ్చిందనుకుంటే నిష్పత్తి సుమారు 21.9, స్పీకరు వల్ల కనిపించే లోడు సుమారు 3.8 కిలో ఓములు. తీగ నిరోధం మరో 700 ఓములు కలుపుతుంది కాబట్టి వాల్వుకు మొత్తం 4.5 కిలో దాకా కనిపిస్తుంది. అయితే ఆ 700 ఓములలో పోయిన శక్తి స్పీకరుకు చేరదు, వేడిగా మారుతుంది.

రెండో జవాబు:
పై మాట నిజమే, కానీ మీ బేస్ పోవడానికి అసలు కారణం అది కాదు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ‘ఈ’ (E), ‘ఐ’ (I) ఆకారపు ఇనుప రేకులను ఒకటి ఇటు, ఒకటి అటు అల్లుతారు, ఆ రేకుల దొంతర అయిన కోరులో సందు ఉండదు. అంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు లోడు లేకుండా 230 ఇస్తే ప్రైమరీలో (230 వైపు తీగచుట్టలో) పారేది కొద్ది పదుల మిల్లీయాంపియర్లే. మీరు దానిలోకి ఒకే దిశలో ఎడతెగకుండా 48 పంపుతున్నారు. పాట మొదలవక ముందే కోరు సంతృప్త స్థితికి (ఇక అయస్కాంతత్వం పెరగలేని స్థితికి) చేరి, ఇండక్టెన్స్ (మారే కరెంటును అడ్డుకునే గుణం) పడిపోతుంది, మొదటి దెబ్బ బేస్‌కే తగులుతుంది. ఈ డీసీ (ఒకే దిశ కరెంటు) లేకపోతే ఇదే కోరు మీకు బాగానే పనికొచ్చేది: 4 వాట్లకు 4.5 కిలో ఓముల మీద కావలసింది సుమారు 134 వోల్టులు, 50 హెర్ట్జ్ వద్ద 230ని మోసే కోరు ఆ 134ని 29 హెర్ట్జ్ దాకా మోయగలదు.

రేకులన్నీ ఊడదీసి, ‘ఈ’ రేకులన్నిటినీ ఒకవైపు, ‘ఐ’ రేకులన్నిటినీ ఎదురువైపు పేర్చి, మధ్య ఒక పొర కాగితం పెట్టి బిగించండి. సందు మరీ పెరిగితే ఇండక్టెన్స్ తగ్గి మళ్లీ బేస్ పోతుంది. విడదీసేటప్పుడు ఓపిక పట్టండి, వార్నిషు ఊరికే వదలదు.

మూడో జవాబు:
రెండు వాల్వులు వంతులవారీగా ఎదురెదురుగా పనిచేసే పుష్‌పుల్ కడితే ఈ బాధే తగ్గుతుంది, రెండు సగాల డీసీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ప్రైమరీ 115, 115గా ఉన్నది తీసుకుని రెండింటినీ సిరీస్‌లో కలిపి, ఆ రెండూ కలిసిన చోటుకు హెచ్‌టీ (వాల్వుల ఎక్కువ వోల్టుల సరఫరా) ఇవ్వండి. టొరాయిడ్ (ఉంగరం ఆకారపు కోరు ఉన్నది) మాత్రం వద్దు, వాల్వుల మధ్య కొద్ది తేడాకే అది సంతృప్తమవుతుంది. ప్రైమరీ, సెకండరీ వేరు వేరు గదుల్లో చుట్టిన బాబిన్ కూడా మంచిది కాదు, లీకేజి ఇండక్టెన్స్ (ఒక చుట్ట నుంచి మరో చుట్టకు చేరని భాగం) పెరిగి తాళాల మోత మసకబారుతుంది.

ఏది చేసినా సెకండరీ ఒక కొసను చాసిస్‌కు కలపండి, స్పీకరు లేకుండా నడపకండి, హెచ్‌టీ కెపాసిటర్లను డిస్‌చార్జ్ చేశాకే చెయ్యి పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
లోడు లేకుండా చూస్తే 10.7 వచ్చింది. మొదటి మూడు రేకులు ఊడడానికే గంట పట్టింది. విజిటింగ్ కార్డు ముక్క పెడితే బేస్ సగమే తిరిగొచ్చింది. దాన్ని తీసి ఒక పొర తెల్లకాగితం పెట్టాక ఎడమ చేతి దెబ్బ నిలబడింది. వాల్యూమ్ పూర్తిగా పెంచితే మాత్రం ఇంకా గొంతు బొంగురు పోతోంది.