6 వారాల టీకా తర్వాత ఆగిపోయింది, మళ్లీ మొదటి నుంచా?

పాపాయి_నాన్న:
పాపకు 9 నెలలు నిండాయి. పుట్టినప్పటివీ, 6 వారాలవీ పడ్డాయి. 10, 14 వారాలవి కోవిడ్ గొడవలో తప్పిపోయాయి. మళ్లీ మొదటి నుంచి వేయించాలా? తట్టు టీకా కూడా అదే రోజు వేయించొచ్చా? ఒకేసారి అన్ని సూదులంటే భయంగా ఉంది. పైగా రెండు రోజులుగా ముక్కు కారుతోంది.

టీకా_గది:
మొదటి నుంచి అక్కర్లేదండీ. ఎంత ఆలస్యమైనా పడిన డోసు పడినట్టే, ఆగిన చోటి నుంచే లెక్క. అయితే ఇంకా వాయిదా వేయకండి. కోరింత దగ్గు ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఏడాదిలోపు పిల్లలకే.

పెంటావలెంట్ (కోరింత దగ్గు సహా ఐదు జబ్బులకు ఒకే సూది) రెండో డోసు, పోలియో, న్యుమోకోకల్ (న్యుమోనియా వంటి జబ్బులకు వేసే టీకా), మీ షెడ్యూలులో 9 నెలలకు ఉంటే తట్టు టీకా, అన్నీ ఒకే రోజు వేయొచ్చు. ఒకే తొడకు రెండు సూదులు పడితే మధ్య కనీసం 2.5 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. పెంటావలెంట్ మూడో డోసు 28 రోజులు నిండాకే, ముందు వద్దు. రోటావైరస్ (విరేచనాల జబ్బు) చుక్కలకు మాత్రం వయసు గడువుంది, అది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. దాటిపోతే వదిలేయడమే.

టీకా కార్డు తప్పకుండా తీసుకెళ్లండి. కార్డు లేక నోటిమాట మీద వేసిన చోటే లెక్కలు తప్పుతాయి.

శీతలపెట్టె:
వెళ్లేముందు ఫోన్ చేసి తట్టు టీకా ఏ రోజో అడగండి. చాలాచోట్ల అది 10 డోసుల సీసా. పొడిలో ద్రావకం కలిపాక 6 గంటలు దాటితే పారబోయాల్సిందే. జనం పలచబడ్డప్పుడు ఒక్క బిడ్డ కోసం సీసా విప్పడానికి సిబ్బంది వెనకాడతారు. తొమ్మిది డోసులు పోయినా సరే, వచ్చిన బిడ్డను తిప్పి పంపకూడదన్నది నా మాట.

సీసా మీద గుండ్రటి గుర్తు ఉంటే చూడండి. లోపలి చదరం చుట్టూ ఉన్న రంగు కన్నా లేతగా ఉంటే వాడొచ్చు, రెండూ ఒకే రంగుకొస్తే పనికిరాదు. అది వేడి దెబ్బనే చెబుతుంది. పెంటావలెంట్ గడ్డకట్టినా పాడవుతుంది, ఆ సంగతి ఈ గుర్తులో తెలీదు. అందుకే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి.

పాపాయి_నాన్న:
మరి జలుబు సంగతి? జ్వరం రాకుండా ముందే పారాసెటమాల్ పోయనా?

టీకా_గది:
మామూలు జలుబు టీకాకు అడ్డు కాదు. కానీ ఇంట్లో ఎవరికైనా కోవిడ్ ఉంటే, లేదా అనుమానమున్నా, చెప్పకుండా వెళ్లకండి. టీకా వికటిస్తుందని కాదు, బయట వరుసలో ఉన్న చంటిపిల్లలకు అంటుతుందని.

పారాసెటమాల్ ముందుగా వద్దు. జ్వరం వచ్చాక, బరువు చూసి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. డ్రాప్స్‌లో సాధారణంగా సిరప్ కన్నా మందు గాఢత చాలా ఎక్కువ. సిరప్ కొలతలో డ్రాప్స్ పోస్తే మోతాదు ఎన్నో రెట్లవుతుంది, సీసా మీది అంకె చదవండి.

తట్టు టీకా జ్వరం ఆ రోజు రాదు. వస్తే వారం, పన్నెండు రోజుల మధ్య వస్తుంది, కొందరికి దద్దుర్లతో. అప్పటికి టీకా సంగతే మర్చిపోయి జనం కోవిడేమోనని హడలిపోతుంటారు. వేసిన తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.