మొదటి వారంలోనే ట్రై-ఎక్సెప్ట్ చెప్పాలా?

పంతులమ్మ: డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్ళకి పైథాన్ చెబుతున్నా. వయసు అడిగే ప్రోగ్రాంలో ఒకమ్మాయి "ఇరవై" అని కొట్టింది. స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాల్లో ఎర్రర్. బిక్కచచ్చిపోయింది. ఇన్‌పుట్ (మనం కొట్టింది తీసుకునే ఆదేశం) చెప్పిన రోజే ట్రై-ఎక్సెప్ట్ (ఎర్రర్ వస్తే ప్రోగ్రాం ఆగిపోకుండా పట్టుకునేది) కూడా చెప్పేస్తే పోదా?

పాతకాపు: వద్దు మేడం. ఇన్‌పుట్ ఏదిచ్చినా స్ట్రింగే, అంకెలైనా ఉత్త అక్షరాల వరసే అన్నది ముందు బుర్రకెక్కాలి. 5, 5 ఇచ్చి కూడితే 55 ఎందుకొచ్చిందో వాళ్ళే తల గోక్కోవాలి. ట్రై సంగతి నెల తర్వాత.

గోదారిగట్టు: ఇజ్‌డిజిట్ పెడితే సరి, కొట్టినవన్నీ అంకెలేనా అని చూస్తుంది. ఒక్క ఇఫ్, అంతే.

పాతకాపు: మైనస్ 5 ఇచ్చి చూడు, సంఖ్యే కాదంటుంది.

గోదారిగట్టు: వయసు మైనస్‌లో ఎలా ఉంటుంది గురూ?

పాతకాపు: ఉష్ణోగ్రత ఉంటుందిగా. పైగా ² గుర్తు ఇస్తే ఇజ్‌డిజిట్ అంకే అంటుంది, దాన్ని సంఖ్యగా మార్చాల్సిన ఇంట్ ఒప్పుకోదు. గేటు దగ్గర వాచ్‌మన్ రానిస్తాడు, గుమ్మం దగ్గర ఓనరు గెంటేస్తాడు.

చిట్టిబగ్: ² ఎవరు కొడతారండీ బాబూ. కానీ తెలుగంకెల్లో ౨౫ ఇస్తే ఇంట్ 25 అని తీసుకుంది! ఇప్పుడే చూశా.

ల్యాబ్‌బాధితుడు: నా గోడు వినండి. ల్యాబ్ పరీక్షలో వైల్ ట్రూ (ఆగకుండా తిరిగే లూప్) లోపల, ఏ ఎర్రరో పేరు రాయకుండా ఉత్త ఎక్సెప్ట్ పెట్టా. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ప్రోగ్రాం ఆపుదామని కంట్రోల్-సి నొక్కారు. ఆగలేదు, ఉత్త ఎక్సెప్ట్ దాన్నీ పట్టేసింది. మళ్ళీ నొక్కారు. "సంఖ్య ఇవ్వండి" అనే వస్తోంది. మార్కులు గోవిందా. ఎక్సెప్ట్ పక్కన వాల్యూఎర్రర్ (ఇంట్ మార్చలేనప్పుడు వచ్చే ఎర్రర్) అని రాయాలని ఎవరూ చెప్పలేదు.

పాతకాపు: నేను మొత్తుకునేదీ అదే! పైథాన్ 2లో ఇన్‌పుట్ మనం కొట్టిందాన్ని కోడ్‌లా నడిపేసేది, అందుకే దాని బదులు రా_ఇన్‌పుట్ వాడాల్సొచ్చేది. మేం దెబ్బలు తినే నేర్చుకున్నాం.

పంతులమ్మ: మీరు తిన్నారని మా పిల్లలూ తినాలా? మీది ఇంగ్లీషు మీడియం కాబోలు. "ఇన్‌వాలిడ్ లిటరల్ ఫర్ ఇంట్ విత్ బేస్ 10" (ఇది సంఖ్యగా మారదు అని) అన్న ఆ ఎర్రర్ లైనులో ఆ అమ్మాయికి 10 ఒక్కటే అర్థమైంది. తనకి చదువు రాదనుకుని వారం ల్యాబ్‌కే రాలేదు.

పాతకాపు: నేనూ జిల్లా పరిషత్ బడేనండీ, తెలుగు మీడియమే. ఆ లైను విప్పి చెప్పేవాళ్ళు లేక ఆర్నెల్లు అవస్థ పడ్డా. ఆ అమ్మాయికి మీరున్నారుగా. ఎర్రర్‌ని దాచకండి, కింది చివరి లైను నుంచి చదివించండి.

పంతులమ్మ: 45 మందికి నేనొక్కదాన్ని. ఎవరి పక్కన కూర్చోమంటారు?

గోదారిగట్టు: ఎల్‌స్ట్రిప్‌తో ముందున్న మైనస్ తీసేసి ఇజ్‌డిజిట్ పెడితే?

చిట్టిబగ్: రెండు మైనస్‌లు కొడితే? రెండూ తీసేస్తుందిగా!