పాపకు చెవులు ఎప్పుడు కుట్టించాలి? మీ అనుభవాలు చెప్పండి

గోరింక:
మా పాపకు రెండో నెల నడుస్తోంది. ఇప్పుడే కుట్టించేస్తే నొప్పి గుర్తుండదని మా అత్తయ్య అంటున్నారు. దానికి ఊహ తెలిసి, అదే అడిగినప్పుడు చూద్దామని మావారు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. త్వరగా కుట్టించినవాళ్లు, ఆగినవాళ్లు కాస్త చెప్పండి.

తూనీగ:
ధనుర్వాతం టీకా కనీసం రెండు డోసులు పడేదాకా ఆగమని మా పిల్లల డాక్టర్ చెప్పారు, ఆగాం. ఇంకో సంగతి కూడా ఉంది. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) జ్వరం వచ్చిందంటే, కారణం ఏదైనా సరే, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. చెవి కుట్టిన చోట చీము పట్టి జ్వరం వచ్చినా అంతే. ఆ టెన్షన్ కొనితెచ్చుకోవడం దేనికండీ?

వెన్నెలమ్మ:
మేం పాప అడిగేదాకా ఆగాం. ఏడేళ్లప్పుడు అడిగింది. కుట్టే ఆవిడ రెండు తమ్మెలకూ పెన్నుతో చుక్కలు పెట్టి, అద్దం చేతికిచ్చారు. "ఎడమది కిందికి ఉంది" అంది మా పిల్ల. నిజంగానే కొంచెం కిందికి ఉంది. తుడిచి మళ్లీ పెట్టారు. కదలకుండా కూర్చున్న పిల్లకి కాబట్టి అలా సరిచేయగలిగారు. ఏడుస్తూ తల తిప్పేసే పసిపిల్లకి అది కష్టం. తిమ్మిరెక్కించే క్రీము గంట ముందు రాశాం. పసికందులకైతే అది డాక్టర్‌ని అడక్కుండా రాయకూడదట. శుభ్రం చేసుకునే పని కూడా తనే చూసుకుంది.

అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా కూడా దాదాపు ఇదే. జాగ్రత్తగా చేస్తే ఏ వయసులోనైనా పెద్ద ప్రమాదం లేదుగానీ, తన చెవి తానే చూసుకోగలిగే వయసుదాకా ఆగడం మేలని.

దూదిపింజ:
పిల్లల వార్డులో నర్సుని. వయసు గురించి జరిగే వాదనలో సగమైనా సూది గురించి, లోహం గురించి జరగాలని నా కోరిక.

సూది ఒక్కసారి వాడి పారేసేది కావాలి, ప్యాకెట్ మీ కళ్ల ముందు విప్పాలి, చేతులకు కొత్త గ్లవుజులు ఉండాలి. అడగడానికి మొహమాటపడకండి. చెవులు కుట్టే గన్ మాత్రం వద్దు. చాలా గన్లలో ప్లాస్టిక్ భాగాలుంటాయి, వాటిని ఆవిరి యంత్రంలో పెట్టి క్రిములు చంపడం కుదరదు. పైగా అది మొద్దు మొనను బలంగా తోస్తుంది, కండ నలుగుతుంది. చెవి పైభాగంలోని గట్టి చోటైతే గన్ అసలే వద్దు. అక్కడ రక్తప్రసరణ తక్కువ, సూడోమోనాస్ లాంటి క్రిమి పట్టిందంటే చెవి ముడుచుకుపోయి ఆకారమే మారిపోవచ్చు. పిల్లలకు తమ్మె చాలు.

ఇక లోహం. నికెల్ ఒకసారి పడకపోతే జీవితాంతం పడదు. తర్వాత బెల్టు బకిల్ తగిలినా దద్దురే. కుట్టిన రంధ్రంలో పెట్టే కడ్డీ నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకు మించి నికెల్ బయటికి రాకూడదని ఐరోపా సమాఖ్యలో చట్టమే ఉంది. టైటానియం గానీ, నికెల్ కలవని 14 క్యారట్లు, ఆపై బంగారం గానీ పెట్టండి. సర్జికల్ స్టీల్ అన్న పేరు చూసి నమ్మకండి, అందులోనూ నికెల్ ఉంటుంది.

వానచినుకు:
దూదిపింజ గారికి నమస్కారం. కమ్మకు వెనక బిగించే శీల గురించి నేను చెప్తాను. మా అమ్మాయికి కుట్టినవారు బాగా బిగించేశారు. తమ్మె వాచి, శీల లోపలికి దిగబడిపోయింది. వెనక నుంచి చూస్తే శీల లేదు, ఎర్రటి గుంట మాత్రమే ఉంది. డాక్టర్ మత్తిచ్చి తీశారు. వాపుకు చోటుండేలా కాస్త వదులు ఉండాలి. రోజూ వెనకవైపు కూడా చూడండి, ముందు చూసి సరిపెట్టుకోవద్దు.

నీలిపిట్ట:
మావారికి, వాళ్ల అక్కకి కెలాయిడ్లు, అంటే గాయం మానిన చోట గడ్డలా పెరిగే మచ్చలు, ఉన్నాయి. అలాంటి ఇంట్లో 11 ఏళ్లు దాటాక కుట్టిస్తే గడ్డ కట్టే అవకాశం ఎక్కువని చర్మ డాక్టర్ చెప్పారు. అందుకే మరీ ఆలస్యం చేయలేదు. "పిల్ల అడిగేదాకా" అన్న మాట అందరికీ ఒకేలా వర్తించదు. గుండె జబ్బు, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్న పిల్లలకైతే ముందు డాక్టర్‌తో మాట్లాడాల్సిందే.

గోరింక:
అందరికీ చాలా థ్యాంక్సండీ. తూనీగ గారి జ్వరం మాట చదివి వినిపిస్తే అత్తయ్యే "అయితే టీకాలయ్యేదాకా ఆగుదాం" అన్నారు. తర్వాత ఎన్నాళ్లు ఆగాలన్నది ఇంకా తేల్చుకోలేదు. కుట్టించాక స్పిరిట్‌తో తుడవాలా? చీము పడితే కమ్మ తీసేయాలా?

దూదిపింజ:
స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండూ వద్దు, మానడం ఆలస్యమవుతుంది. సెలైన్‌తో రోజుకు రెండుసార్లు, చేతులు కడుక్కున్నాకే. కమ్మను తిప్పుతూ ఉండక్కర్లేదు. తమ్మె మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అప్పటిదాకా ఈత మాన్పించండి. చీము కనిపిస్తే కమ్మ మీరే లాగేయొద్దు, రంధ్రం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోవచ్చు. వెంటనే చూపించండి. పాప అన్నీ నోట్లో పెట్టుకునే వయసులో కుట్టిస్తే మర తిప్పి బిగించే శీలలున్న కమ్మలు తీసుకోండి, ఊడితే గొంతులో అడ్డుపడే సైజు అవి.